ఊ

పీరమ్మ టీచర్ హాజరు పిలిచేటప్పుడు
"ప్రెజెంట్ మేడం" అంటే ఒప్పుకునేది కాదు.
"ఊ అనండి, చాలు.
కథ మొదలయ్యేలోపల గొంతు అలవాటు పడతాది" అనేది.

ఆదోని నుంచి పొద్దుటి ప్యాసింజర్లో వచ్చి
కోసిగి స్టేషన్లో దిగి బడికి నడిచొచ్చేది.
సంచిలో సుద్దముక్కలు, వేయించిన చెనిక్కాయలు,
ఒక కథ.
ఒకటే. జూన్ నుంచీ అదే.

తుంగభద్రకు ఒక చిన్న చెల్లెలుందంట,
పిల్లవాగు.
అక్క మీద అలిగి మా ఊరికి బయల్దేరిందంట.
దారి తెలీదు, అడుక్కుంటా వస్తాంది.
అది దారి అడిగిన చోటల్లా
మాకు మ్యాపులో ఒక ఊరు దొరికేది.
ఏడు కడవల నీళ్ళు, దప్పికగొన్న మూడు ఊర్లు,
సమంగా పంచినాక మిగిలిన కడవ ఎవరికి?
పుస్తకంలో దాని పేరు శేషం.
మా తాయమ్మ ఏడ్చేసింది,
"మిగల్లేదు టీచర్, అది ఒంటరిదైపోయింది" అని.
టీచర్ బోర్డు మీద అట్లే రాసింది.
తనిఖీకొచ్చిన సారు దాన్ని చూసి
ఎర్రపెన్నుతో ఏందో రాసుకొని పోయినాడు.

సుగ్గి వచ్చింది.
మిరపకాయలు కోసేకి మమ్మల్ని తోలకపోయే లారీ
బడిగోడ పక్కనే ఆగింది.
ఆ పొద్దు పిల్లవాగు కాలువ గేటు కాడికి వచ్చింది.
గేటుకు తాళం.
"తర్వాత?" అన్నాం అందరం.
"మీరు వచ్చినాక" అనింది,
మా మొహాలు చూడకుండా
సుద్దచేతులు దులుపుకుంటా.
కథ కంచికి పోకముందే
మేం గుంటూరుకు పోయినాం.

రాత్రి టార్పాలిన్ కింద
కండ్లు మండి నిద్ర రాదు.
మిరపచేతుల్తో కండ్లు తుడుచుకునేవాళ్ళకు
ఏడ్చేకి వేరే సాకు అక్కర్లేదు.
అప్పుడు ఒక్కొక్కరం గేటు తెరిచేవాళ్ళం.
హనుమేశు రాయితో తాళం పగలగొట్టినాడు.
తాయమ్మకు తాళంచెవి కాకిగూట్లో దొరికింది.
నేనైతే పిల్లవాగును
గేటు కింద సందులోంచి పాకించినాను.
బడిలో ఏనాడూ నోరు తెరవని నర్సప్ప
చీకట్లోంచి అన్నాడు:
"గేటు కాడ కాపలా మనిషికి గూడా
దప్పికైంటాది కదా."

ఎవరం మాట్లాడలేదు.
పక్క టార్పాలిన్లో నిద్రపోతాన్నాడనుకున్న తాత ఎవరో
"ఊ" అన్నాడు.

ఉగాది దాటి తిరిగొస్తే పరీక్షలైపోయినాయి.
టీచర్ను ఆలూరు పక్కకు మార్చినారు.
నా చదువు ఆడికే.
ఇప్పుడు మేస్త్రి కాడ టిక్కీల లెక్క రాస్తాను.
ఎంత పంచినా ఒకటి మిగిలినప్పుడు
పెన్ను కాసేపు ఆగుతాది.
మేస్త్రి కసురుకుంటాడు.

మొన్న ఆదోని స్టేషన్లో
రెండో ప్లాట్‌ఫారం బెంచీ మీద పీరమ్మ టీచర్.
ఒళ్ళో పింఛను కాయితాల కవరు, చెవికి మిషను.
పేరు చెప్పినా గుర్తుపట్టలేదు.
"కథ సగంలో ఆపినారు టీచర్" అన్నాను.
"యా కథ మ్మా? ముప్పై ఆరేండ్లు చెప్పినాను."

నేను మొదలుపెట్టినాను.
అక్క మీద అలిగింది.
ఊ.
దారి తెలీదు.
ఊ.
ఏడు కడవలు, మూడు ఊర్లు.
మిషను సర్దుకొని ఇంకొంచెం దగ్గరికి జరిగింది. ఊ.
గేటు కాడ కావాలనే ఆపినాను.
"తర్వాత?" అనింది,
ముందు బెంచీ పిల్ల లెక్క.

నర్సప్ప చెప్పింది చెప్పినాను.

శానాసేపు పట్టాల వైపు చూసింది.
"పదిహేడో నంబరు" అనింది.
"కిటికీ పక్కన కూర్చునేవాడు.
హాజరుకు గూడా ఊ అనేవాడు కాదు, చెయ్యెత్తేవాడు.
ఆ చెయ్యి కోసం తలెత్తి చూసేదాన్ని.
ఇప్పుడేం చేస్తాండాడు?"

రైలు కూత పెట్టింది.
మరుసటేడు సుగ్గికి పోయినోళ్ళు
మళ్ళీ ఊరికి రాలేదని,
ఆపైన నాకూ తెలీదని చెప్పేలోపల
ఆమె సంచిలో చెయ్యి పెట్టి
గుప్పెడు చెనిక్కాయలు నా కొంగులో పోసింది.
ఇంకో గుప్పెడు పోసింది.

"ఇవి వానివి" అనింది.