పువ్వు అమ్మను

వానిల్లా పువ్వు ఒక్క పొద్దే విచ్చుకుంటుంది.
ఎండ ముదిరేలోగా
నిమ్మముల్లుతో లోపలి పొర ఎత్తి
బొటనవేలితో ఒత్తాలి.
ఈ పని తెలిసిన తేనెటీగ మా దీవిలో లేదు,
ఆ ఈగను నేనే.
రోజుకు వెయ్యి పెళ్ళిళ్ళు చేస్తాను,
ఒక్కదాంట్లోనూ నాకు విస్తరి వెయ్యరు.

కాయ పచ్చగా ఉండగానే
బెండుకు గుచ్చిన సూదులతో
దాని ఒంటి మీద నా పేరు పొడుస్తాను.
జాఫిసువ.
బడి నేర్పని అక్షరాలు
దొంగలు నేర్పారు.

కాయ దొంగలకంటే ముందు
పువ్వు కొనేవాడు వచ్చేవాడు.
నవంబరు.
పాత గింజలు అయిపోయి
కొత్తవి ఇంకా మోకాలిలోతు నీళ్ళలో నిలబడి ఉండే నెల.
బెజారా పడవలోంచి బియ్యం దించి
పాలడబ్బాతో కొలిచి
"ఎన్ని డబ్బాలైనా తీసుకో అక్కా,
ఈ ఏటి పువ్వు నాకు రాసియ్యి" అనేవాడు.
జూలైలో రేడియో కాయ ధర చెబితే
ఎవరి ఊళ్ళోనో వాన పడ్డట్టు వినేదాన్ని.

ఒకసారి నవ్వులాటకి
మా నోలిన్‌ని అతని కాటాకి వేలాడదీశాను.
పద్దెనిమిది కిలోలు.
టీకాల నర్సు తూచితే ఇరవై రెండు.
"నాలుగు కిలోల పిల్లేదయ్యా?" అని అడిగితే
"నది గాలికి చిక్కిపోయింది" అన్నాడు.
అందరం నవ్వాం. ఆ రాత్రి ఎవరికీ నిద్రపట్టలేదు.

పదకొండుమందిమి కలిసి కాటా కొన్నాం.
అంతకన్నా ముందు బియ్యం కొన్నాం,
చవగ్గా దొరికే రోజుల్లో,
చర్చి వెనక గదిలో, మూడు తాళాలు వేసి.
తాళంచెవులు ముగ్గురి దగ్గర పెట్టాం,
పచ్చగడ్డి వేస్తే భగ్గుమనే ముగ్గురి దగ్గర,
ఏకమై దోచుకోరని.

అంతా బాగైపోయిందని చెప్పను.
ఎక్కడో గోదాములు నిండాయట, మొన్న ధర పడింది.
మా పైకప్పు సగం రేకు దగ్గరే ఆగిపోయింది,
మిగతా సగం ఇంకా ఆకులే.
వాన మా ఇంటి మీద రెండు గొంతులతో కురుస్తుంది.
రేకు కింద మేం పడుకోం.
అక్కడ కాయలు
ఉన్ని దుప్పట్లలో చెమటలు పోస్తూ పడుకుంటాయి.
మా ఇంట్లో కొత్త దుప్పటి
మొదట కప్పుకున్నది అవే.

ఈ నవంబరులోనూ బెజారా వచ్చాడు.
పడవ కట్టకుండానే కేకేశాడు,
"పువ్వుందా అక్కా?"

ఉంది.
చూసి పో.