నాలుగో కాలు

మిరప కోతల కాలంలో గుంటూరులో
ఎవరు తుమ్మినా ఎవరూ తిరిగి చూడరు.
ఆటో అబ్బాయి తుమ్ముతాడు, శంకర్ విలాస్ దగ్గర పోలీసాయన తుమ్ముతాడు,
పెళ్ళిచూపులకొచ్చిన వాళ్ళూ తుమ్మి నవ్వేస్తారు.
శకునమని ఎవరూ ఆగరు.
ఆగితే ఈ ఊళ్ళో మాఘం నుంచి ఉగాది దాకా
ఒక్క పనీ జరగదు.

అందుకే సున్నం తుమ్మినప్పుడు
యార్డులో తొడిమలు తీసొచ్చిన చీర విప్పి
గుమ్మం బయట తీగ మీద ఆరేశానంతే.
ఘాటు, అన్నాను.
పక్కింటి కోటేశ్వరమ్మ కూడా ఘాటే అంది.

సున్నం మా తస్లీమా కుందేలు.
రెండు పండగల ఈదీ దాచి కొనుక్కుంది.
గోడలకి వేయగా మిగిలిన తెలుపంతా దానిదే,
ఎడమ చెవి మీద మాత్రం ఒక ఇటుకరంగు చుక్క.

"అమ్మీ, కొత్తిమీర కాడ వాసన చూసి వదిలేసింది."
ఎండకి, అన్నాను.
"అమ్మీ, గోడకేసి తిరిగి కూర్చుంది, పిలిస్తే చెవి తిప్పట్లేదు."
కునుకులే, అన్నాను.
రాత్రి చీకట్లో పళ్ళు నూరుతున్న చప్పుడు,
ఇసుక మీద ఎవరో చెప్పు ఈడ్చినట్టు సన్నగా.
నెమరేస్తోంది పడుకో, అన్నాను.
కుందేలు నెమరెయ్యదని నాకేం తెలుసు!

శనగగింజలంత ఉండే పెంటికలు
మిరియాలంతయ్యాయి, ఆ మీదట అవీ లేవు.
చీపురు పట్టుకుని నిలబడి
ఇవాళ ఊడ్చే పని తప్పిందని
సంతోషపడ్డాను. అల్లా మన్నించాలి.

నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

పిల్ల బడికి పోనని మొండికేస్తే
ఒక పూట కూలి వదులుకుని
పశువులాసుపత్రికి పోయాం.
కొమ్ము విరిగిన గేదె ముందు, పొట్టేలు వెనక,
మధ్యలో నా దుప్పట్టాలో అది,
చేపముల్లంత ఎముకలు, చెక్కపెట్టెలో గడియారంలా గుండె.

డాక్టర్ హైమవతిగారు ముక్కు చూడలేదు.
ముక్కు శుభ్రంగానే ఉంది మరి.
ముందు కాలు పట్టుకుని లోపలివైపుకి తిప్పారు.
అక్కడ బొచ్చు
గంజి పెట్టి ఆరేసిన గుడ్డలా
పాయలు పాయలుగా బిగిసిపోయి ఉంది.

"కారినప్పుడల్లా తుడిచేసుకుందమ్మా.
ముక్కు మీకు చూపించింది,
చెయ్యి దాచుకుంది."

ఎన్నాళ్ళ నుంచి, అనడిగాను.
"అది చెప్పదు.
అడవిలో మూలిగినదాన్నే ముందు తింటారు కదా.
మీ ఇంట్లో నక్క లేదని దానికెవరు చెప్పారు?"

నేను మాట్లాడలేదు.
బల్ల మీద దాని కాళ్ళు లెక్కపెట్టాను.
నాలుగు.

చుక్కల మందు, దవడ పక్కనుంచి సిరంజితో గుజ్జు,
ఎండుగడ్డి, నీళ్ళు చల్లిన గోనెపట్టా.
నా పనిచీర ఇంటికే రాకుండా
యార్డు దగ్గర షాహీన్ వాళ్ళింట్లో మార్చుకోవడం.
నాలుగో రోజు తెల్లారి
చీపురు కింద ఏదో దొర్లింది.
వంగి చూశాను. ఒకటి. ఇంకొకటి, పెట్టె వెనకాల.
"తస్లీమా! లే, లే!" అని
పండగ చంద్రుడు కనబడ్డట్టు కేకేశాను.

జబ్బు పూర్తిగా పోలేదు.
పోదేమో, కనిపెట్టుకుని ఉండాలి, అన్నారు డాక్టరమ్మ.
ఇప్పుడు రోజూ అన్నాలయ్యాక
లైటు కింద కూర్చుని
పిల్ల దాని ముందు కాళ్ళు తిప్పి చూస్తుంది.
నిన్న చూసి, దాన్ని దించి,
నా చెయ్యి పట్టుకుంది.

గోళ్ళ కింద ఎరుపు.
జాకెట్టు చేతి అంచు గంజి పెట్టినట్టుంది.
ఘాటు, అన్నాను.

పిల్ల చెయ్యి వదల్లేదు.