క వత్తు

పలకల పెట్టెల మీద కాశింపీరా
కుంచెతో రాసిన అక్షరాలవి.
ఇప్పుడు నా ఫైల్లో రెండేసి బైట్లుగా పడున్నాయి,
పెద్దది ముందు, చిన్నది వెనక.

రాత్రి పదకొండు.
ఫ్యాక్టరీలో రంపాలు ఆగి చాలాసేపయినా
కీబోర్డు మీద పలకరాయి పొడి.
చదివింది చదివినట్టు తిరిగి రాస్తే
ఒక్క బైటు పొల్లుపోలేదు,
చెక్‌సమ్ సరిపోయింది.
నా కోడు గీసిన ఊరి పేరు మాత్రం
మారాపురం.

వెతగ్గా వెతగ్గా
ఎక్కడో పైన, ఏ గుడిదీర్ఘమూ ఎక్కని ఎత్తులో
అరవై అయిదువేల నాలుగువందల తొంభై ఎనిమిది దగ్గర
వేలాడుతోంది క వత్తు.

అది ఉండాల్సింది గీతకి ముప్పై ఎనిమిది కిందన.
మైనస్ అని చెప్పే మొదటి బిట్టుని
నేనే మామూలు అంకెలో కలిపేశాను.
కోడులో ఒక అక్షరం చెరిపితే
దిగొచ్చి
ర కింద సర్దుకు కూచుంది.

పొద్దున టీ కాడ చెబితే
కాశింపీరా గోటి మీది తెల్లరంగు గీక్కుంటూ
"కింద రాసిందాన్ని కిందనే సదవాల గదయ్యా" అన్నాడు.
కాసేపాగి,
వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుని,
"నా పేర్లో వత్తే లేదులే" అని
గ్లాసు కింద పెట్టి లేచాడు.