నాలుగో వంతు

బాలానగర్ షెడ్డులో పంతొమ్మిదేళ్లు
నేను కొలిచింది ఒకే ఒక్క ముక్క.
ఏడో నంబరు పక్కటెముక.
అల్యూమినియం, పదకొండు రంధ్రాలు.
వెర్నియర్ దవడల మధ్య వెంట్రుకంత తేడా వచ్చినా
ఎర్ర పెయింటు పూసి పక్కన పడేసేదాన్ని.
మిగతా విమానం ఎక్కడెక్కడో పుట్టేది.
మొత్తంగా ఎలా ఉంటుందో
గోడమీది క్యాలెండరులో చూశాను,
అదీ జూన్ నెలలో మాత్రమే.

పైలటు లేని విమానం.
ఫిరంగుల వాళ్లు గురి నేర్చుకోవడానికి.
అంటే, కూలితేనే పాసైనట్టు.

షెడ్డు మూసేశాక
ఎర్రగడ్డలో మా మేడమీద, నీళ్ల ట్యాంకు నీడన
నాలుగో వంతు సైజులో మొదలుపెట్టాను.
కోఠీ గుజరాతీ గల్లీలో మోటారు, రిసీవరు, నాలుగు సర్వోలు.
బిల్లు రాస్తూ పరేఖ్ అడిగాడు:
"అబ్బాయి ప్రాజెక్టా మేడమ్?"
"నాదే" అన్నాను.
ఎందుకో పది రూపాయలు తగ్గించాడు.
బాల్సా చెక్క తూకం వేస్తే
త్రాసు ముల్లు కదలనే లేదు.

ఒకటి నుంచి ఆరు దాకా
డ్రాయింగు చూసి చూసి కోశాను.
ఏడో దగ్గర చూడలేదు.
బ్లేడు తనంతట తనే తిరిగింది.

రెక్కల అంచులకి వెదురు బద్దలు కావాలని
ధూల్‌పేట వెళ్తే, పతంగులు కట్టే గులాబ్ సింగ్
సంచీలోంచి మోడల్ బయటికి తీయించాడు.
రెండు వేళ్ల మీద నిలబెట్టి, ఉఫ్ అని ఊది,
అది వణికిన తీరు చూసి
"తోక చిన్నగైంది" అన్నాడు.
చిన్నది కాదు, సరిగ్గా నాలుగో వంతని
కాగితం తీసి చూపించాను.
కాగితం వైపు చూడనైనా లేదు.
"పతంగి సగం చేస్తే
గాలి సగమైతదా అక్కా?"

ఆ రాత్రంతా ఫ్యాను కింద అదే మాట.
రెక్క తగ్గింది, మోటారు తగ్గింది, మరమేకులు తగ్గాయి.
గాలి మాత్రం
అసలుదాని మీద వీచిందే, అంతే లావుది,
మా మేడ మీదా వీస్తోంది.

పంతొమ్మిదేళ్లలో ఒక్కసారీ సంతకం పెట్టని
డీవియేషన్ స్లిప్పు, పాత ప్యాడులోంచి చింపాను.
వస్తువు: తోక.
తేడా: పన్నెండు శాతం ఎక్కువ.
కారణం దగ్గర చాలాసేపు ఆగి
'గాలి' అని రాశాను.
రెండోది. వస్తువు: చక్రాలు.
తేడా: డ్రాయింగులో లేవు.
అసలుది నేలకి దిగుతుందని ఎవరూ అనుకోలేదు కదా.
కారణం ఖాళీగా వదిలేసి సంతకం పెట్టాను.

తోక పెరిగితే ముక్కు తేలిపోయింది.
సనత్‌నగర్ టైర్ల షాపు కుర్రాడు
సీసం ముక్కలు గుప్పెడు ఊరికే ఇచ్చాడు.

శంకర్‌పల్లి రోడ్డులో ఒక వెంచరు.
ఆర్చీ ఉంది, హద్దురాళ్లున్నాయి, ఇళ్లు లేవు.
ముప్పై అడుగుల రోడ్డే రన్‌వే.
"ప్లాటు చూడనీకొచ్చినరా?" అని లేచిన
వాచ్‌మన్ సాయన్న
సంచీ విప్పగానే బీడీ ఆర్పేశాడు.

లేచింది.
అంతకంటే ఎలా చెప్పాలో తెలియదు. లేచింది.
రాళ్ల వరస దాటి, కరెంటు తీగలు దాటి,
వెనక్కి తిప్పితే నా మొహానికే ఎదురొస్తోంది.
ఎదురొచ్చేటప్పుడు దాని ఎడమ నా కుడి,
చేతులు అబద్ధం నేర్చుకోవాలి.
ఒక్క క్షణం, ఫిరంగి పక్కన నిలబడ్డవాడికి
ఇలాగే కనిపించి ఉంటుందనుకున్నాను.
బొటనవేలు చల్లబడింది.

నాలుగు నిమిషాలు.
దిగింది, చక్రాల మీదే, కానీ ఆగలేదు.
నలభై రెండో ప్లాటు రాయికి కుడి రెక్క తగిలింది.
కవరింగ్ చింపి చూస్తే
విరిగింది ఏడోది.

సాయన్న గొంతుక్కూర్చుని
"మళ్ల ఎగురుతదా?" అన్నాడు.
బ్యాగులో ఎర్ర పెయింటు లేదు, ఫెవిక్విక్ ఉంది.
"జర ఇట్ల పట్టుకో" అన్నాను.
పట్టుకున్నాడు, ఊపిరి బిగబట్టి.
ఇంకో బ్యాటరీ ఉంది.