వాలు

మంచు జారిపోవాలని ఇంత వాలు పెట్టాడట కెనడా దొర.
కొర్లిగుడలో మంచు!
గిన్నెలో ఇప్పనూనె గడ్డకడితే
అదే మాకు చలికాలం.

దొర గీసిన కాగితంలో పొయ్యి కూడా ఉంది, పొగగొట్టంతో సహా.
తాపీ మేస్త్రి గవరయ్య ఎందుకని అడగలేదు,
గీసింది గీసినట్టే కట్టాడు.
ప్రసంగం బల్ల వెనక ఆ పొయ్యిలో
నూట పదేళ్లుగా నిప్పు లేదు, చీపుళ్లుంటాయి.
ఒక ఏడు గుడ్లగూబ పిల్లలు పెట్టింది.
అవి ఎగిరిపోయేదాకా
అటు ఎవర్నీ ఊడవనివ్వలేదు పాస్టరు ఇసాకు రైతా.

గోడ మూరన్నర మందం.
గానుగ సున్నం, కరక్కాయ నీళ్లు, బెల్లం.
చిన్నప్పుడు ప్రార్థన మధ్యలో
గోడకి నాలిక ఆనించి చూశాను.
తీపి లేదు. నాయనమ్మ చెయ్యి మాత్రం చెంప మీద పడింది.

తలుపు మీద ‘ప్రార్థనా మందిరము’ అని ఉండేది.
రాష్ట్రాల గీత మాకు దక్షిణంగా పడ్డాక
సున్నం వేసి ఒడియాలో రాశారు.
ప్రతి శ్రావణంలో సున్నం ఉబ్బి రాలితే
ఒడియా గొడుగుల కింద నుంచి
తెలుగు తలకట్లు తొంగి చూస్తాయి.
సవర పాట ఎత్తుకునేవాళ్లు
రెండింటి కిందుగా నడిచి లోపలికెళ్తారు.
వాళ్ల మాట గోడ మీద ఎవరూ రాయలేదు.

గంట లేదు.
గుణుపురం బుల్లి రైలు పట్టా ముక్క, మూడడుగులు,
వసారా దూలానికి వేలాడుతుంది.
కొడితే వంశధార అవతల గేదెలు తలెత్తుతాయి.

నా పని పైకప్పు.
ఏటా వైశాఖంలో పెంకులు తిరగేస్తాను.
మా నాన్న చేసేవాడు, అంతకుముందు తాత.
నడుముకి తాడు బిగించి
దొరని తిట్టుకుంటూ ఎక్కుతాను.

ఈ పెంకులు అచ్చులో తీసినవి కావు.
సోంబారి, ఆమె తోడికోడళ్లు, ఆ వీధి ఆడాళ్లంతా
తడిమట్టి రేకుని తొడ మీద వేసి వంచినవి.
అందుకే ఒకదానికొకటి కుదరదు.
వెడల్పువి చూరుకి, సన్నవి పైకి.
ఒకటుంది, మరీ చిన్నది,
ఎనిమిదేళ్ల పిల్ల తొడంత.
ఏ వరసలోనూ ఇమడదు.
తాత పొగగొట్టం పక్కన ఇరికించాడు.
నాన్నా అక్కడే. నేనూ అక్కడే.

ఈసారి కమిటీ శ్లాబు వేద్దామంటోంది.
ఇంజనీరు టేపు పట్టుకుని వచ్చాడు.
ఆయన కాగితంలో పొయ్యి లేదు, వాలు లేదు.
నిచ్చెన కింద పట్టుకుని నిలబడ్డాను.

‘ఇంత ఏటవాలు దేనికయ్యా?’

మంచుకి, అన్నాను.

నవ్వుతాడనుకున్నాను.
రాసుకున్నాడు.