తరుగు

బాదేపల్లి మార్కెట్ల
చాట పట్టేటోళ్ళకు కూలి చేతికి రాదు.
కాంటా కింద రాలినయి మావి.
దుమ్ముల నుంచి ఆముదాలు ఏరుకుంట
గింజ మీది చారలు చూస్త నేను.
ఏ రెండూ ఒక్కతీరు ఉండవు,
వేలిముద్రల లెక్క.

మా అవ్వ పెంటమ్మ వీటిని వేయించి, దంచి,
కుండెడు నీళ్ళల్ల ఉడకబెట్టి
పైకి తేలిన నూనెను గంటెతోని తీసేదట.
తలకు అదే, దీపానికి అదే,
పసిపిల్ల కడుపుకు, ఎద్దు గిట్టకు, బండి ఇరుసుకు అదే.
బండి ఇరుసు.
తెల్లోళ్ళ కన్ను పడ్డది అక్కడ్నే.

ముత్తాత ఉశన్న రైలు గోదాంల హమాలి.
బస్తాలు మోసి మోసి
మెడ ఎనుక ఇంకో మోకాలు మొలిచినట్టు కాయ కాసిందట.
ఇవి యాడికి పోతయే అని ఎవరన్న అడిగితే
"బొంబాయికి" అనెటోడట.
బొంబాయి అవుతల ఆయనకు సముద్రం లేదు.
సముద్రం అవుతల మిల్లులున్నయి,
తిరిగే చక్రాలున్నయి, లడాయి ఉన్నది.
గాలిమోటరుకు గొంతు ఎండకుండ
కంది సాళ్ళ నడుమ కాసిన నూనె తాపిచ్చిన్రు.
యాడ ఏ ఊరు కాలిందో,
ఆ పొగల
మా అవ్వ పొయ్యి వాసన ఉండే ఉంటది.

రైలుకు లాభం రాకున్నా
వడ్డీ మాత్రం తప్పకుండ ఇస్తమని
లండన్ల వాటాదార్లకు నిజాం ఖజానా పూచీ పడ్డదట.
వాన పడకుంటే మాకు ఎవడు పూచీ?
వానకే పూచీ లేదాయె.

బండ్లకు బండ్లు ఆముదాలు పోయినయి,
డబ్బలకు డబ్బలు గ్యాసునూనె వచ్చింది.
అవ్వ ప్రమిద అటకెక్కింది.
ఇంట్ల వెలుతురును
ఉద్దెరకు తెచ్చుకునుడు అప్పుడు మొదలైంది.

"ఏ చెట్టూ లేని ఊర్లె ఆముదం చెట్టే మహావృక్షం" అని
బడిల సారు నవ్వుకుంట చెప్పిండు.
నేను గుడ నవ్విన.
ఉన్న చెట్లు ఏమైనయో ఆయన చెప్పలె,
నేను అడగలె.
అడివి టేకంత పట్టాల కింద పండుకున్నదని
ఉశన్నకు ఎర్కే.
దాన్ని తొక్కుకుంట పనికి పోయినోడు గదా.

ఇప్పుడు తెల్లోడు లేడు. నిజాం లేడు.
రేటు ఉన్నది.
పొద్దున పదింటికి అడ్తి సావుకారి ఫోన్లకు
గుజరాత్ నుంచి ఒక అంకె వస్తది.
దాని ఎనుక ఏదో ఓడరేవుల ఇంకో అంకె.
దాని ఎనుక ఏముందో నాకు తెల్వది.
ఏ దేశంల ఏ ఆడామె
పెదాలకు రంగు వద్దనుకున్నదో,
మా క్వింటాలుకు మూడువందలు పడిపోయినయి.

ఆముదం తాగిన మొఖం అంటరు.
తాగినోన్ని చూసి కాదు,
అమ్మినోన్ని చూసి పుట్టిన మాట అది.

నిన్న బాలకిష్టయ్య అడిగిండు:
"దాసరి పురుగు మందుకు ఆళ్ళే రేటు చెప్తిరి,
విత్తనానికి ఆళ్ళే చెప్తిరి,
పండినదానికీ ఆళ్ళే చెప్పవట్టిరి.
నేను చెప్పేది ఒక్కటన్న ఉన్నదా?"
గుమస్తా తల ఎత్తలె.
"పేరు చెప్పు" అన్నడు.

చెప్పిండు. రాసుకున్నడు.
పక్క గడిల: తేమకు ఇంత, మన్నుకు ఇంత, సంచికి ఇంత.
తరుగు.
వందేండ్ల కింద బొంబాయి దాకా తరిగింది,
బొంబాయి కాడ తరిగింది, ఓడల తరిగింది.
ఎన్ని చేతులు మారినా
తరుగు మాత్రం మొదటి చేతిలకెల్లే పోతది.

పొద్దుగూకంగ నా చాటను తూచుకున్న.
రెండు కిలోల మీద చారెడు.
ఎవరి బస్తాలకెల్లి రాలినయో నాకు తెలుసు.
ఎదురుంగ ఉత్త సంచులు దులుపుకుంట నిలబడ్డడు,
చూస్తనే ఉన్నడు.
నేను గుడ తల ఎత్తలె.