సర్ది పురుగు

అక్రోట్ కాయంత ఉంటదట.
నేను అక్రోట్ కాయ ఎన్నడు సూడలె.
డెబ్బై ఒక్క ఏండ్లు నా ఒంట్లెనే ఉండి
ఉన్నట్టె తెల్వలె,
రాత్రికి ఏడుసార్లు ఒంటికి లేపి
వాకిట్ల నిలబెట్టేదాంక.
సుక్కలు లెక్కవెట్టుకుంట నిలబడేది.
పైన గాదు, కింద.

కరెంటు పెట్టిన్రు. మాడింది.
రెండేండ్లకు మళ్ల మొలిచింది.
ఇగ సఫియా డాక్టరమ్మ
మందుల చీటి ఎనకదిక్కు పెన్నుతోని గీసింది:
సర్ది పురుగునే, పెద్దాయనా,
మనం తుమ్మితె ఎగిరే పురుగునే
జర మార్చి
సూదిల పట్టి నీ గడ్డల ఇడుస్తం.

పురుగంటే, వైరసా?
వైరసే.

నేను కుర్చీల నుంచి లేసిన.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు
మా తమ్ముడు ఓదేలును
ఎంజీఎంల మూటగట్టి దూరం నుంచి చూపిచ్చిన్రు.
తల ఎటో కాళ్లెటో తెల్వక
నడుమకే దండం పెట్టిన.
ఆ పేరును పిలిచి
నా ఒంట్లకు రమ్మంటదా ఈమె?

కూసోమన్నది. ఛాయ్ తెప్పిచ్చింది.
ఛాయ్ సల్లారినంక దాని పనితనం చెప్పింది.
లోపల ఒక పోగు తెంపిన్రట,
అది లేకుంటె మంచి కణంల పెరగలేదట.
తెంపిన కాడ ఇంకోటి అతికిన్రట,
నా గడ్డ జాడ తగిల్తెనే
నాడె కదులుతదట.
ఆమె జీన్ అన్నది. పోగన్నది నేనే.
కొత్తవాడల నలభై ఏండ్లు జంపఖానాలు నేసినోన్ని,
ఒక్క పోగు తప్పితె
నెమలి బాతయితది,
నాకు తెల్వదా?

గడ్డ కణంల దూరి
ఒకటి పదై, పది వెయ్యై
కండెలు నిండినట్టు నిండి
గోడ పలగ్గొట్టుకొని బయటవడి
పక్కింటి తలుపు కొడతదట.

మరి ఇండ్లన్ని అయిపోయినంక
అది ఎటు పోతదమ్మా?
ఆమె నవ్వలె.
ఇల్లు దొరక్క సస్తది.
అట్లనే అయితదని మా ఆశ.
ఇది ఇంక పరీక్షనే పెద్దాయనా,
పనిచెయ్యకపోవచ్చు గూడ.

గంత నిజం చెప్పినందుకే సంతకం పెట్టిన.
కొమురెల్లి, నాలుగక్షరాలు.
రె కాడ చెయ్యి వణికింది.

జ్వరం వస్తదన్నది. వచ్చింది.
రాజవ్వ మిరియాలు దంచి కషాయం కాసింది.
వద్దే, సర్ది తగ్గితె ఎట్ల, అన్న.
అది నన్ను పిచ్చోని లెక్క సూసి
గిలాస పక్కన పెట్టి
నా నుదురు మీద చెయ్యి తియ్యకుంట కూసున్నది.
ఒళ్లంత మసులుతాంది.
మా మగ్గం గుంటల గూడ
ఎండకాలం ఇంత ఉడుకు లేకుండె.

పొద్దుగాల ఏనుమాముల మార్కెట్ దిక్కు నుంచి
మిర్చి ఘాటు గాలికొచ్చింది.
తుమ్మొచ్చింది.
తువ్వాల నోట్లె కుక్కుకొని ఆపుకున్న.
ఒక్కటి గూడ బయటికి పోవద్దు,
దానికి పనున్నది.

బేస్తారం నెత్తురు పరీక్ష.
నంబరు దిగుతదో, ఎక్కుతదో.

రాత్రి ఆరుసార్లే లేసిన.
ఎవ్వలకు చెప్పలె.